చెయ్యి చాపితే అందే దూరం: మా ఇంటి పిల్లల ఫొటోల ప్రాజెక్టు డైరీ

జూన్ 16, ఆదివారం

ఇవాళ్టి నుంచి సంక్రాంతి దాకా మా పిల్లలిద్దరి మామూలు రోజుల్ని ఫొటోలు తీస్తాను. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు కాదు. జడ వేయించుకోవడం, పెరుగన్నం తినడం, ఒకే కుర్చీ కోసం ఇద్దరూ కొట్టుకోవడం, ఇలాంటివి. పాపకి ఆరేళ్ళు, చిన్నోడికి మూడు నిండాయి. రాజమండ్రిలో తూర్పు గుమ్మం ఇల్లు. ముందు గ్రిల్లు పెట్టిన పన్నెండడుగుల వరండా, తర్వాత హాలు, ఆ వెనక వంటిల్లు. అత్తయ్య, మామయ్య, మేం నలుగురం. చివరికి నలభై ఫొటోలు ప్రింటు తీయించి, పిల్లల కళ్ళకి అందే ఎత్తులో గోడకి పెట్టాలని నా కోరిక.

ఫోన్‌లో నాలుగు వేల పైన ఫొటోలున్నాయి. నిన్న రాత్రి వెనక్కి తిప్పుకుంటూ చూస్తే అన్నిట్లోనూ ఒకటే మొహం. కెమెరా ఎత్తగానే పాప రెండు వేళ్ళు చూపించి పళ్ళు బిగిస్తుంది, దాన్ని చూసి వాడూ అంతే. మా చిన్నోడికి నవ్వొస్తే ముందు ముక్కు మీద ముడత పడుతుంది, ఆ తర్వాతే నోరు తెరుచుకుంటుంది. ఇంట్లో అందరికీ తెలిసిన నవ్వు అది. నాలుగు వేల ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 200డి, దాంతో వచ్చిన 18-55 లెన్సు, విడిగా కొన్న 50 ఎంఎం ఎఫ్ 1.8. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనపడతాయి, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి వచ్చే వెలుతురు పెరుగుతుంది. మొదటి రోజు 312 తీశాను. రాత్రి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే పనికొచ్చేవి తొమ్మిది. మిగతావాటిలో సగం కదిలిపోయాయి, సగం ఫోకస్ తప్పాయి.

జూన్ 18

ఎందుకు కదిలిపోతున్నాయో ఊహించుకోవడం కంటే కొలవడం మేలనిపించింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చిన్నోణ్ణి వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తమన్నాను. ఆరుసార్లు పరిగెత్తాడు, ఏడోసారి నేను వద్దన్నా పరిగెత్తాడు. పన్నెండడుగులకి సుమారు రెండు సెకన్లు. అంటే సెకనుకి 180 సెంటీమీటర్లు. షట్టర్ 1/60లో ఉంటే, అంటే సెకనులో అరవయ్యో వంతు సేపు తెరుచుకుంటే, అది మూసుకునేలోపు వాడు మూడు సెంటీమీటర్లు జరిగిపోతాడు. కన్ను చెవి దగ్గరికి సాగినట్టు రావడానికి అది చాలు. 1/500 పెడితే జరిగేది మూడున్నర మిల్లీమీటర్లు. ఇన్నాళ్ళూ ఆటోలో పెట్టి తీస్తుంటే, మబ్బు పట్టిన రోజు కెమెరా తనంతట తాను 1/60కి దిగిపోతోంది.

ఇక నుంచి మాన్యువల్ మోడ్, అంకెలు నేనే పెట్టుకోవాలి. పరుగులుంటే 1/500, గెంతులుంటే 1/1000, కూర్చుని ఆడుకుంటుంటే 1/250. ఐఎస్‌ఓ ఆటోలో, పై హద్దు 6400. తక్కువ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె అది, ఎక్కువైతే ఫొటోలో కొంచెం ఇసుక పోసినట్టు గరుకుదనం వస్తుంది, పర్వాలేదు. గరుకు ఫొటోని ప్రింటులో భరించగలను, మొహం చెరిగిన ఫొటోని భరించలేను. ఫోకస్‌ని ఏఐ సర్వోకి మార్చాను. బటన్ సగం నొక్కి ఉంచితే, మనిషి దగ్గరికొస్తున్నా దూరం పోతున్నా లెన్సు వెంటాడుతూ ఉంటుంది. తొమ్మిది ఫోకస్ పాయింట్లలో మధ్యదాన్నే నమ్ముతున్నాను.

జూన్ 23, ఆదివారం

మామయ్య బుట్టెడు చిన్నరసాలు తెచ్చారు. పిల్లలిద్దరికీ బనీన్లు విప్పేసి వరండాలో కూర్చోబెట్టాం. చిన్నోడు పండుని పిసికి, ముచిక దగ్గర కొరికి జుర్రుకుంటుంటే రసం మోచేతి దాకా కారి అక్కణ్ణుంచి గచ్చు మీద పడింది. వాడు మోచేతిని నాకాలని తల తిప్పుతున్నాడు, అందట్లేదు. అరగంట సేపు ఎవరికీ నేను అక్కర్లేదు. ఇలాంటి పని చేతిలో ఉన్నప్పుడు పిల్లలు కెమెరాని మర్చిపోతారు. ఇది రాసి పెట్టుకోవాలి.

అలాగే ఇంట్లో వెలుతురుని నడిచి కొలిచాను. ఎఫ్ 2.8, 1/500 పెట్టి, పొద్దున్న ఎనిమిదింటికి గుమ్మంలో కెమెరాని అత్తయ్య చెయ్యి ముందు పట్టుకుంటే ఐఎస్‌ఓ 400 చూపించింది. హాల్లోకి నాలుగడుగులు వేసేసరికి 3200. ఎనిమిదో వంతు వెలుతురే మిగిలింది, నా కంటికి మాత్రం పెద్ద తేడా కనపడలేదు. కాబట్టి పిల్లల వెంట తిరగడం మానేసి గుమ్మం దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చోవాలి. వాళ్ళు రోజుకి వందసార్లు ఆ గుమ్మం దాటతారు. పీట మీద కూర్చుంటే నా కన్నూ చిన్నోడి కన్నూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. నిలబడి తీసినప్పుడు వాడి నడినెత్తి, నా కాళ్ళే వస్తున్నాయి.

జూలై 14, ఆదివారం

ఇంట్లో ఒక మాట నిషేధించాను: "ఇటు చూడు". అందరికంటే ఎక్కువగా అనేదాన్ని నేనే. "నవ్వమ్మా, నవ్వు" అని మామయ్య వెనకనుంచి చప్పట్లు కొట్టేవారు, ఆయన కూడా సరేనన్నారు.

రెండు వారాలుగా కెమెరాని మెడలో వేసుకునే తిరుగుతున్నాను, కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా. ఫొటోలు దాదాపు తీయలేదు. మొదటి మూడు రోజులు పాప వచ్చి వేళ్ళు చూపిస్తూ నిలబడేది. "తీయవా అమ్మా?" అంటే "ఇప్పుడు కాదురా" అనేదాన్ని. మధ్యలో కెమెరా వాళ్ళకే ఇచ్చి తలో పది నొక్కుకోమన్నాను. చిన్నోడు పదీ ఫ్యాను మీదే ఖర్చు పెట్టాడు. రెండో వారానికి కెమెరా నా మంగళసూత్రంలాగా, కొంగులాగా ఒంటి మీద వస్తువైపోయింది. నిన్న పాప నా ఎదురుగానే గోడకి ఒరిగి, బొమ్మకి ఏదో రహస్యం చెప్పింది. నాలుగు తీశాను, తల కూడా ఎత్తలేదు.

ఆగస్టు 4, ఆదివారం

ఈ రోజు రాయడానికి మనసు రావడం లేదు. అయినా రాయాలి.

పనమ్మాయి వరండా కడిగి వెళ్ళింది, గచ్చు ఇంకా తడిగా ఉంది. 50 ఎంఎం లెన్సు ఈ కెమెరాకి పెడితే, లోపలి సెన్సరు చిన్నది కాబట్టి, 80 ఎంఎంలా పనిచేస్తుంది. మనిషి నిండుగా రావాలంటే నేను వెనక్కి, వెనక్కి జరగాలి. గోడకి వీపు ఆనించి ఒక చివర కూర్చున్నాను, పాప ఆ చివర నుంచి పరిగెత్తుకొస్తోంది. మంచి వెలుతురు, వెనక గ్రిల్లు నీడలు. బటన్ నొక్కి పట్టుకున్నాను. సగం దూరంలో దాని కాలు జారింది.

నా వేలు బటన్ మీంచి లేవలేదు. సెకనుకి అయిదు చొప్పున కెమెరా తీస్తూనే ఉంది. వంటింట్లోంచి అత్తయ్య నాకంటే ముందొచ్చి దాన్ని ఎత్తుకున్నారు. మోకాలు చెక్కుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు.

రాత్రి పక్క మీద, నిద్రపోయిందనుకున్నాక, పాప అంది: "అమ్మా, నేను పడిపోతే నువ్వు ఫొటో తీశావు."

లేదు అనడానికి లేదు. పదకొండు ఫొటోలున్నాయి. కాలు జారడం, చేతులు ముందుకు రావడం, మోకాలు నేలకి తగలడం, ఏడుపుకి నోరు తెరుచుకోవడం. ప్రాజెక్టు మొదలయ్యాక తీసినవాటిలో ఫోకస్ అంత బాగా కుదిరినవి లేవు. లేపి దానికే చూపించాను. ఒక్కోటీ చూసింది. "ఇవి తీసెయ్" అంది. దాని వేలితోనే డిలీట్ నొక్కించాను, పదకొండూ. "ఇంకెప్పుడూ అలా చెయ్యను నాన్నా" అన్నాను. అది నిద్రపోయింది, నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆగస్టు 11, ఆదివారం

వారం రోజులు కెమెరా బీరువాలోంచి తీయలేదు. ఆలోచిస్తే తప్పంతా లెన్సుదని చెప్పలేను, వేలు నాదే. కానీ ఆ లెన్సు నన్ను పన్నెండడుగుల అవతల కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచి పిల్ల పడితే పట్టుకోవడానికి నా చెయ్యి చాలదు.

అందుకని లెన్సు మార్చాను. 24 ఎంఎం ఎఫ్ 2.8, బిస్కెట్‌లా పలచగా ఉంటుంది, బరువు 125 గ్రాములు. మళ్ళీ సెకండ్ హ్యాండే. నా కెమెరా మీద 38 ఎంఎంలా పనిచేస్తుంది. మనిషి నడుము దాకా రావాలంటే రెండు మూడడుగుల్లో ఉండాలి. ముందుకొస్తే 16 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది, అంటే చిన్నోడు లెన్సులోకి తొంగి చూసినా వాడి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. ఇంకో లాభం ముందు ఊహించలేదు. 50 ఎంఎంని ఎఫ్ 1.8లో పెట్టి మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండేది ఆరు సెంటీమీటర్ల మందమే. ముక్కు ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. 24 ఎంఎం ఎఫ్ 2.8లో అదే దూరానికి నలభై సెంటీమీటర్లు వస్తుంది. పిల్లాడు ముందుకూ వెనక్కూ ఊగినా అందులోనే ఉంటాడు. వెనక అంతా మసకగా కరిగిపోయే అందం పోతుంది. పోనీ. వెనక ఉన్నది మా ఇల్లు, ఆరేసిన తువ్వాళ్ళు, క్యాలెండరు, మామయ్య పేపరు. అవి కనపడాలి.

నియమం కూడా ఒకటి పెట్టుకున్నాను: చెయ్యి చాపితే పిల్లలు అందే దూరంలోనే తీయాలి. ఏడిస్తే ముందు చెయ్యి, తర్వాతే కెమెరా. బటన్‌ని నొక్కి పట్టుకోవడం మానేసి ఒక్కోటి తీస్తాను. స్నానాల ఫొటోలు తీయను. పాప వద్దంటే వద్దు.

సెప్టెంబరు 7, వినాయక చవితి

పత్రి గిల్లుతున్న నాలుగు చేతుల ఫొటో ఒకటి బాగా వచ్చింది. మిగతావి కార్డులోంచి ఎక్కించకముందే పొరపాటున ఫార్మాట్ చేశాను. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని దొరికాయి. ఇక నుంచి ఏ రోజువి ఆ రోజే ల్యాప్‌టాప్‌లోకీ, హార్డ్ డిస్క్‌లోకీ. రెండు చోట్లా కనపడ్డాకే కార్డు తుడవడం.

అక్టోబరు 6, ఆదివారం

దసరా సెలవులు. పొద్దున్నే జడ కార్యక్రమం. అత్తయ్య గుమ్మం ముందు పై మెట్టు మీద, పాప కింది మెట్టు మీద, నేను పక్కన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని. కెమెరాకీ పాప మొహానికీ మధ్య జానెడున్నర.

కొబ్బరినూనె గిన్నె పక్కన, దువ్వెన పళ్ళలో నిన్నటి వెంట్రుకలు. అత్తయ్య ఎర్ర రిబ్బనుని పెదాల మధ్య పట్టుకుని రెండు చేతులతో పాయలు తీస్తున్నారు, అందుకని ఏదన్నా చెప్పాలంటే "ఊఁ" అనే. చిక్కు తగిలినప్పుడల్లా పాప మెడ వెనక్కి వంగుతుంది, ఒక కన్ను మూసుకుపోతుంది, ఆ వైపు పై పెదవి కూడా లేస్తుంది. ముందు పన్ను ఊడిన సందు కనపడుతుంది. "అబ్బా నానమ్మా, మెల్లిగా!" "ఊఁ." మళ్ళీ దువ్వెన. నాలుగో చిక్కుకి నా వేలు సరిగ్గా పడింది. ఒక కన్ను మూసుకుని, ఒకటి తెరుచుకుని ఉన్న పాప. పైన అత్తయ్య గడ్డం, రిబ్బను, నూనెకి మెరుస్తున్న వేళ్ళు. తూర్పు వెలుతురు పక్కనుంచి పడి ఒక్కో వెంట్రుకా విడిగా కనపడుతోంది. ఇంతవరకు తీసినవాటిలో నాకు ఇదే ఇష్టం.

పాపకి చూపించి, పిన్నికి పంపనా అని అడిగాను. "గోడ మీద పెట్టుకో, ఎవరికీ పంపొద్దు, పన్ను లేదు కదా" అంది. పంపలేదు.

ఒకటి గుర్తొచ్చింది. జాక్ ఆన్రీ లార్టిగ్ అనే ఫ్రెంచి పిల్లాడు 1905లో, పది పదకొండేళ్ళ వయసులో, పారిస్‌లో మెట్ల మీంచి దూకుతున్న తన కజిన్‌ని గాల్లో ఉండగానే ఫొటో తీశాడు. ఆమె పావడా గాల్లో ఉబ్బి ఉంటుంది, మొహం నిండా సంబరం. బయటివాడెవడో వచ్చి నిలబడి ఉంటే ఆమె అలా దూకేది కాదని నా నమ్మకం. తీసినవాడు ఇంటి పిల్లాడు, ఆ ఆటలో మనిషి.

డిసెంబరు 22, ఆదివారం

నలభైకి 31 అయ్యాయి. మిగిలిన పెద్దది భోగిపళ్ళు. సాయంత్రం, హాల్లో, ట్యూబ్‌లైటు కింద జరుగుతుంది. "కాస్త ముందుగా, వెలుతురు ఉండగా పోద్దామా అత్తయ్యా?" అని అడిగాను. "పేరంటాళ్ళు పొద్దుగూకితే గానీ రారమ్మా, దీపం పెట్టుకునే వేళ అది" అన్నారు. నిజమే. వేడుకని కెమెరా కోసం జరపకూడదు. లైటు సంగతి నేనే చూసుకోవాలి.

హాల్లో 1/500లో వరసగా పది తీస్తే మూడు పసుపు, రెండు చీకటి, కొన్నిట్లో అడ్డంగా చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభై ఆవృత్తులు, ఒక్కోదాంట్లో రెండుసార్లు ఎగసి తగ్గుతుంది, దాంతో చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/100లో తీస్తే ఒక మినుకు మొత్తం పడుతుంది, తేడా తెలియదు. 1/500లో అందులో అయిదో వంతే పడుతుంది, అది వెలిగే ముక్కో ఆరే ముక్కో మన అదృష్టం. ఇంట్లో ఉన్న లైట్లన్నిటినీ ఫోన్ స్లోమోషన్ వీడియోలో చూశాను. హాలు ట్యూబు, వంటింటి బల్బు దడదడలాడాయి. పడగ్గది ట్యూబు నిలకడగా ఉంది. షాపులో కూడా వెలిగించి, ఫోన్‌తో చూసి, నిలకడగా ఉన్న రెండు ట్యూబులు కొన్నాను. షాపతను ఓపిగ్గా ఆరు వెలిగించాడు. మా ఆయన ఆదివారం అవి బిగించారు.

జనవరి 11

రిహార్సల్. పాప తన బొమ్మని పీట మీద కూర్చోబెట్టింది, నేను అరకిలో రేగిపళ్ళు ఇచ్చాను. బొమ్మ తల చుట్టూ మూడుసార్లు దోసిలి తిప్పి పోసింది, నానమ్మ ఎలా చేస్తారో అలాగే, పెదాలు కదుపుతూ.

అరమీటరు ఎత్తు నుంచి పడే పండు తలని తాకేసరికి సెకనుకి మూడు మీటర్ల వేగం అందుకుంటుంది. 1/125లో రెండున్నర సెంటీమీటర్ల గీత అయిపోతుంది, పండే అంతుండదు. 1/500లో ఆరు మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం 1/500 మంచిది. కానీ ఫొటోలో పళ్ళు గాల్లో దారం కట్టి వేలాడదీసినట్టున్నాయి. 1/250లో కొంచెం సాగి, నిజంగా రాలుతున్నట్టున్నాయి. అదే ఖాయం చేశాను. ఎలాగూ పళ్ళు పడేటప్పుడు పిల్లలు కళ్ళు మూసుకుని ముడుచుకుంటారు, మొహం కదలదు.

జనవరి 13, భోగి

రేగిపళ్ళు, శనగలు, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, చిల్లర. చిన్నోడికి కొత్త పట్టు పంచె, పాపకి పట్టు లంగా. ఆరేళ్ళు వచ్చినా పాపని కూడా పక్కనే కూర్చోబెట్టారు అత్తయ్య. ఎఫ్ 2.8, 1/250, ఐఎస్‌ఓ 6400. చారలు లేవు.

నేను పీటకి రెండడుగుల్లో మోకాళ్ళ మీద ఉన్నాను. అత్తయ్య పోశారు, పక్కింటి పిన్నిగారు పోశారు. అప్పుడు అత్తయ్య అన్నారు: "తల్లివి, నువ్వు పోయవేమ్మా?"

దీని గురించి ఆలోచించలేదు. కెమెరా వచ్చిన కొత్తలో, 19వ శతాబ్దంలో, యూరప్‌లో, అమెరికాలో స్టూడియోలవాళ్ళు చంటిపిల్లలు కదలకుండా తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, తల్లి మీద గుడ్డ కప్పేసేవారు. ఫొటోలో పిల్ల ఉంటుంది, వెనక గుడ్డ కప్పిన కుర్చీ లాంటిది ఒకటి ఉంటుంది, అదే తల్లి. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఏడు నెలల నా ఫొటోల్లోనూ నేను లేను.

కెమెరాని ఇంకో పీట మీద పుస్తకాలు పేర్చి పెట్టాను. మా ఆయన తన ఫోన్‌ని వైఫైతో దానికి కలిపి, "నువ్వు పొయ్యి, నేను నొక్కుతాను" అన్నారు. దోసిలి నిండా పళ్ళు తీసుకుని చిన్నోడి తల చుట్టూ తిప్పాను. వాడు పైకి చూశాడు. ముక్కు మీద ముడత పడింది. పోశాను.

జనవరి 26, ఆదివారం

ప్రింట్లు వచ్చాయి, నలభై, 4×6 సైజు, మ్యాట్. మెరుపు కాగితం వద్దన్నాను, చిన్నోడి వేళ్ళ ముద్రలు పడతాయని. స్కేలు పెట్టి కొలిచి, నేల నుంచి తొంభై సెంటీమీటర్ల ఎత్తులో వరసగా అంటించాం. మామయ్య కింద కూర్చుని చూడాల్సొచ్చింది, కూర్చునే ఒక గంట చూశారు.

భోగి ఫొటోలో నా మొహం రాలేదు, ఫ్రేము పైన తెగిపోయింది. కుడి వైపు నుంచి నా రెండు చేతులు, ఆకుపచ్చ గాజులు, దోసిలి అప్పుడే విడుతోంది. పళ్ళు ఇంకా వాడి తలని తాకలేదు. ముక్కు ముడత మాత్రం స్పష్టంగా ఉంది. చిన్నోడు వచ్చి తన మొహం వదిలేసి గాజుల మీద వేలు పెట్టాడు. "అమ్మ" అన్నాడు. ఆ చోట ఇప్పటికే ఒక బెల్లం మరక ఉంది.

ఫిబ్రవరి 4న రథసప్తమి. వరండాలో పిడకల మీద పాలు పొంగిస్తారు అత్తయ్య. పొగలో ఎదురెండకి కెమెరాలో వెలుతురు ఎంత తగ్గించాలో ముందు రోజు పొద్దున్నే చూసుకోవాలి. మంట దగ్గర పిల్లలుంటారు కాబట్టి కెమెరా మెడలోనే ఉండాలి, చేతులు ఖాళీగా.